అనంతగిరిలో బస, కటికి జలపాతం దాకా నడక

బొర్రా గుహలు చూడటానికి వచ్చేవాళ్లు చాలావరకు అరకులోనే గది తీసుకుంటారు. కుటుంబంతో, కారులో వచ్చినవాళ్లకు అది బాగానే ఉంటుంది. ఇద్దరు స్నేహితులు తీరిగ్గా ఒక రోజు నడుద్దామనుకుంటే మాత్రం అరకు వద్దు. అక్కణ్నుంచి బొర్రా 36 కిలోమీటర్లు, అదీ ఘాట్ రోడ్డు. నడవడానికి హాయిగా ఉండే చల్లటి పొద్దంతా బండిలోనే అయిపోతుంది. అనంతగిరిలోనో, ఘాట్‌లో ఇంకా కింద ఉన్న టైడాలోనో దిగితే ఎండ ఎక్కేలోపే సగం దారి నడిచేయొచ్చు.

ఈ రెండు చోట్లలో ఏది మేలంటే, కాలాన్ని బట్టి చెప్పాలి. టైడాలో టూరిజం వాళ్ల జంగిల్ బెల్స్ ఉంది. చెట్ల మధ్య చెక్క కాటేజీలు, పొద్దున్నే పిట్టల సందడి, రైల్వే స్టేషన్ దగ్గరే. ఎత్తు తక్కువ కాబట్టి డిసెంబరు చలి అంతగా కొరకదు. కానీ వానాకాలంలో పురుగూ పుట్రా ఎక్కువ. అనంతగిరిలో టూరిజం వాళ్ల హరిత రిసార్టు కొండ మీద ఉంటుంది. చుట్టూ కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్లు ఎర్రగా పండి ఉంటాయి. మంచు దిగిన పొద్దున గుమ్మంలోంచి చూస్తే ఎదుటి చెట్టు కూడా కనిపించదు. నడక కోసమే వచ్చేవాళ్లకు నా ఓటు అనంతగిరికే, బొర్రాకు దగ్గర కాబట్టి. ప్రైవేటు టెంట్లు కూడా చాలా వెలిశాయి. బుక్ చేసేముందు మూడు సంగతులు అడగండి: ఎన్ని టెంట్లకు ఒక మరుగుదొడ్డి, టెంటు నేల మీదే వేస్తారా లేక అరుగు మీద వేస్తారా, దుప్పట్లు ఎన్ని ఇస్తారు. నేల మీద వేసిన టెంటులో తెల్లారేసరికి పరుపు అడుగంతా చెమ్మెక్కుతుంది.

ఎక్కడ దిగినా భోజనం సంగతి సాయంత్రమే తేల్చుకోవాలి. ఈ కొండల్లో వంటగదులు ఆర్డరు వచ్చాకే సరుకు చూసుకుంటాయి. పొద్దున ఏడింటికి టిఫిన్ దొరుకుతుందనే ఆశ పెట్టుకోకండి. రాత్రే చెప్పి చపాతీలో, పులిహోరో కట్టించుకోవడం మంచిది. వేడినీళ్లు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా వస్తాయో కూడా అప్పుడే అడిగేయండి.

విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు టైడా, చిమిడిపల్లి మీదుగా బొర్రా గుహలు స్టేషన్‌కు వస్తుంది. ఇనుప ఖనిజం మోయడానికి 1960లలో వేసిన లైను ఇది, దారి పొడవునా సొరంగాలే. వెళ్లేటప్పుడు రైలెక్కండి, ఆ అందం రోడ్డు మీద రాదు. తిరుగు ప్రయాణానికి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. గూడ్సు బళ్లకు దారిస్తూ ఆగిందంటే ఎప్పుడొస్తుందో చెప్పలేం. శృంగవరపుకోట మీదుగా నడిచే అరకు–విశాఖ బస్సులే నయం. బైకు మీద వచ్చేవాళ్లు శృంగవరపుకోటలోనే ట్యాంకు నింపుకోవాలి.

ఇక నడక. బొర్రా నుంచి కటికి వైపు సుమారు నాలుగు కిలోమీటర్లు జీపు దారి, ఆపైన కిలోమీటరు దాకా కాలిబాట. తాపీగా నడిచినా రెండు గంటల్లోపు చేరతారు. జీపు బేరం బండికి కడతారు గాని మనిషికి కాదు. అందుకే ఇద్దరికి గిట్టదు, కలిసి ఎక్కేవాళ్ల కోసం ఎదురు చూస్తూ కూర్చోవాలి. పైగా ఆ రాళ్ల దారిలో జీపులో కుదుపులకు నడుం పట్టేస్తుంది. కాళ్లు బాగున్నవాళ్లకు నడకే సుఖం. దగ్గరి దారని రైలు పట్టాల వెంట మాత్రం పోకండి. అది నేరం, పైగా సొరంగంలో ఉండగా బండి వస్తే తప్పుకోవడానికి చోటుండదు.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, అడుగున పట్టున్న బూట్లు, గొడుగు బదులు రెయిన్‌కోటు, చిల్లర నోట్లు ఉంటే చాలు. సెల్ సిగ్నల్ చాలాచోట్ల పోతుంది కాబట్టి మ్యాపు ముందే దింపుకోండి. వానల్లో జలగలుంటాయి. ప్యాంటు అంచు సాక్సులోకి దోపి, సాక్సు మీద ఉప్పునీళ్లు చల్లుకుంటే చాలావరకు ఎక్కవు. పట్టుకున్నదాన్ని లాగొద్దు, గోటితో పక్కకు తోస్తే వదిలేస్తుంది.

జలపాతం దగ్గర ప్రమాదమంతా రాళ్లతోనే. నల్లగా, నున్నగా మెరిసే రాయి మీద నాచు ఉంటుంది, అడుగు పెడితే జారినట్టే. గరుకుగా, వెలిసిపోయినట్టు ఉన్నదాని మీదే కాలు మోపాలి. పైన ఎక్కడో వాన పడితే కింద మనకు ఎండగానే ఉన్నా నీళ్లు పెరుగుతాయి. ధార ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా సామాను కోసం చూడకుండా గట్టెక్కేయాలి. ఇద్దరూ ఒకేసారి నీళ్లలో దిగకుండా ఒకరు ఒడ్డున ఉండటం మంచి పద్ధతి.

కాలిబాట మొదట్లో గిరిజనులు బొంగు చికెన్ చేసిస్తారు. పైకి ఎక్కేటప్పుడే ఎంత కావాలో చెప్పి, ధర ఖాయం చేసుకుని వెళ్లండి. కాలడానికి ముప్పావు గంట దాకా పడుతుంది, మీరు దిగేసరికి సిద్ధంగా ఉంటుంది. బొంగు పచ్చిది కావాలి. ఎండు బొంగయితే మాంసం ఉడికేలోపే అంటుకుంటుంది. పచ్చిదాంట్లో ఉన్న తేమే ఆవిరై లోపలి ముక్కను ఉడికిస్తుంది, అందుకే నూనె చుక్క అక్కర్లేదు. పైన నల్లబడితే అయిపోయిందనుకోకండి. మూతిలో కుక్కిన ఆకు తీసి ఒక పెద్ద ముక్క విరిచి చూడండి. ఎముక దగ్గర ఎర్రగా ఉంటే మళ్లీ నిప్పుల మీద పెట్టమనండి, మొహమాటపడొద్దు.

గుహలు పదింటికి గాని తెరవరు, అయిదింటికి మూసేస్తారు. కాబట్టి ముందు కటికి, మధ్యాహ్నం గుహలు అన్న వరసే కుదురుతుంది. లోపల ఉక్కగా ఉంటుంది, మెట్లు తడిగా ఉంటాయి. జలపాతంలో తడిసిన చెప్పులతో దిగకండి. వచ్చేటప్పుడంతా ఎక్కుడే, నడిచొచ్చిన కాళ్లకు అది తెలుస్తుంది. గేటు దగ్గర కోతులు చేతిలో కవరు కనిపిస్తే లాక్కుంటాయి, తిండి బ్యాగులోనే ఉంచాలి.

సెలవు రోజుల్లో, ముఖ్యంగా డిసెంబరు ఆఖర్న, ఇదంతా జనంతో నిండిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో వారం మధ్యలో వస్తే నీళ్లూ ఉంటాయి, దారీ ఆరి ఉంటుంది. సాయంత్రం గుహల దగ్గర్నుంచి మెయిన్ రోడ్డుకు చేరడానికి ఆటోవాళ్లతో పొద్దున్నే మాట్లాడుకోండి. చీకటి పడ్డాక అక్కడ బండి దొరకడం కష్టం.