పర్లాకిమిడి డీటీపీ షాపుల్లో ఏఐ తర్జుమా: దిద్దే మనిషి ఉన్నచోటే ఇవ్వండి

పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. ఊళ్లో తెలుగు మాట ఎటూ పోలేదు గానీ భూమి పట్టాలు ఒడియాలోనే వస్తాయి. వాటిని తెలుగులోకి మార్చి టైపు చేయడం ఇక్కడి డీటీపీ షాపుల పాత పని. ఇప్పుడు కాగితం స్కాన్ చేసి ఏఐకి ఇస్తే నిమిషంలో తర్జుమా వచ్చేస్తోంది. మామూలు ఉత్తరాలకు, దరఖాస్తులకు 5కి 4 మార్కులు వేయొచ్చు. భూమి కాగితాలకు మాత్రం 2 దాటవు.

ఒడిశా పట్టాలో విస్తీర్ణం ఎకరాలు, డిసిమల్‌లలో ఉంటుంది. వంద డిసిమల్‌లు ఒక ఎకరం. అంటే డిసిమల్ మన సెంటే, 435.6 చదరపు అడుగులు. ఏఐ తర్జుమాలో దాని బదులు 'దశాంశం' అని పడిందంటే శ్రీకాకుళంలో ఏ దస్తావేజు లేఖరీ ఒప్పుకోడు. నేల రకం రాసే 'కిసమ్' గడిలో 'శారద' అంటే వరి నేల, మనిషి పేరు కాదు. 'ఘరబారి' అంటే ఇంటి స్థలం.

అంకెలు ఇంకా ప్రమాదం. ఒడియా నాలుగు పైన నోరు తెరిచిన 8లా ఉంటుంది. జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తే ఆ నోరు పూడిపోయి ప్లాట్ నంబరే మారిపోతుంది. ఒడియాలో 'డ' కింద చుక్క ఉంటే పలుకే వేరు, ఆ చుక్క చెరిగితే ఇంటిపేరు మారిపోతుంది. అందుకే ఒరిజినల్ తీసుకెళ్లండి. ఫోన్ ఫోటో వద్దు, స్కానర్ మీద 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో) తీయమనండి. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే విడిగా రాసివ్వండి. ఆధార్ కాపీ కావాలంటే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ చాలు.

పాత అను, ఆకృతి ఫాంట్ల ఫైళ్లు నేరుగా ఇస్తే పనికిరావు. ఆ ఫాంట్లు మన అక్షరాన్ని ఇంగ్లీషు కోడు మీద కూర్చోబెడతాయి, ఏఐకి అది చెత్తగా కనిపిస్తుంది. ముందు యూనికోడ్‌కి మార్చాలి, లేదా ప్రింటు తీసి స్కాన్ చేయాలి.

ఇక టైపిస్టుతో పని లేదనుకోవడం పెద్ద పొరపాటు. టైపు చేస్తున్నప్పుడు కన్ను ప్రతి అక్షరం మీదా పడేది. ఏఐ వాక్యం నున్నగా సాగిపోతుంది కాబట్టి తప్పు కంటికి ఆనదు. దాన్ని పట్టుకోవడానికి రెండు భాషలూ, భూమి లెక్కలూ తెలిసిన మనిషి ఉండాలి. టైపు కూలి తగ్గించి దిద్దుబాటుకు పైసా కట్టని షాపులో ఆ మనిషి నిలబడడు. ఒకరు ఒడియా పైకి చదువుతుంటే ఇంకొకరు తెలుగు ప్రతి సరిచూసి, అంకెలు మళ్లీ విడిగా చూసే షాపుకే ఇవ్వండి, పేజీకి పది రూపాయలు ఎక్కువైనా సరే.