పెల్లెట్లా, బ్రికెట్లా?

చిత్తూరు ప్రాంతంలో వేరుశెనగ తొక్కలను, రంపపు పొట్టును ఇంధనంగా మార్చాలనుకునేవారికి ముందున్నవి రెండు దారులు: పెల్లెట్లు (పొట్టును నొక్కి చేసే సన్నని గుళికలు), బ్రికెట్లు (అలాగే నొక్కి చేసే లావు దిమ్మెలు).

రెండింటికీ జిగురు అక్కరలేదు. ఒత్తిడికి, వేడికి పొట్టులో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి తానే పట్టి ఉంచుతుంది. పెల్లెట్ వ్యాసం 6 నుంచి 10 మిల్లీమీటర్లు. అందుకే పొట్టును సన్నగా మర పట్టాలి, తేమను 10-12 శాతం దగ్గర నిలపాలి. తేమ మించితే గుళిక పగుళ్లతో బయటికొచ్చి వేళ్ల మధ్యే పొడి అవుతుంది. మరీ ఎండితే డై (పొట్టును గుళికలుగా మలిచే రంధ్రాల అచ్చు) రంధ్రాలు పూడుకుపోతాయి. డై, రోలర్లు అరిగే ఖర్చు సరేసరి. బ్రికెట్ లావు సాధారణంగా 60 నుంచి 90 మిల్లీమీటర్లు. ముతక పొట్టుతోనూ పని జరుగుతుంది.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్‌కు చేత్తో కట్టెలు వేస్తుంటే బ్రికెట్ చాలు. మంటను అదుపు చేసుకోవాల్సిన తిరుపతి హోటళ్ల వంటశాలలకు పెల్లెట్ మేలు. బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో ప్రధానంగా పంట వ్యర్థాలతో చేసిన పెల్లెట్లను కలిపి కాల్చాలని కేంద్ర ప్రభుత్వం 2021లో చెప్పింది. అక్కడ వేరుశెనగ తొక్కలకు గిరాకీ ఉంటుంది.

అయినా చిన్న పెట్టుబడితో దిగేవారు బ్రికెట్లతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఏది చేసినా వానకు తడవని షెడ్డు ముందు కట్టుకోండి. నీళ్లు తగిలితే పెల్లెట్ అయినా, బ్రికెట్ అయినా ఉబ్బి మళ్లీ పొట్టయిపోతుంది.