కళ, సంగీతం, ప్రాచీన చరిత్ర డాక్యుమెంటరీలు: ఏళ్ల తరబడి చూశాక నా లెక్క

ఈ రకం డాక్యుమెంటరీలకు నేను పెట్టే పరీక్ష చాలా చిన్నది. తెర మీదికి ఒక వర్ణచిత్రమో, శిల్పమో, పాటో వచ్చాక వ్యాఖ్యాత ఎంతసేపు మాట్లాడకుండా ఉండగలడు? నటులు, డ్రోన్లు, గ్రాఫిక్స్ ఇవేవీ నేను లెక్కలోకి తీసుకోను. వస్తువు ముందు మనల్ని నిలబెట్టి, కాసేపు వదిలేసే ధైర్యం ఆ దర్శకుడికి ఉందా లేదా అన్నదే చూస్తాను.

ఈ మధ్య వస్తున్నవాటిలో చాలావాటికి ఈ పరీక్షలో సున్నా. శిల్పం మూడు క్షణాలు కనిపిస్తుంది, నాలుగో క్షణానికి కెమెరా ఆకాశానికి లేస్తుంది, వెనక డప్పులు మొదలవుతాయి. ప్రకటనలకు ముందు ఒక ప్రశ్న వేస్తారు, ప్రకటనలయ్యాక అదే ప్రశ్న మళ్లీ వేస్తారు. ఈజిప్టు మీద తీసినవి మరీనూ. ఏ సమాధి తెరిచినా ‘ఇంతవరకు ఎవరి కంటా పడనిది’ అంటారు. ఆ మాట అంటున్నప్పుడే పక్కన పనివాళ్లు నిచ్చెన దించుతూ కనిపిస్తారు, వాళ్లకు కళ్లు లేనట్టు. తెలుగు గొంతుతో వచ్చేవాటిలో ఇంకో బాధ ఉంది. పురావస్తు శాస్త్రజ్ఞుడికీ, కాపలాదారుకీ, రాణికీ ఒకే గొంతు పెడతారు, అదీ వార్తలు చదివే గొంతు. నేను మూలంలోని ధ్వని పెట్టుకుని, కింద అక్షరాలు చదువుకోవడానికే అలవాటు పడ్డాను.

అందుకే మళ్లీ మళ్లీ పాతవాటి దగ్గరికి వెళుతుంటాను. 1969లో బీబీసీ ప్రసారం చేసిన ‘సివిలైజేషన్’ పదమూడు భాగాలు. రంగుల టీవీ అప్పుడే మొదలైన రోజులు. ఆ రంగుల సత్తా చూపించే పెద్ద సీరియల్ ఒకటి కావాలని అప్పటి బీబీసీ రెండో ఛానెల్ అధిపతి డేవిడ్ అటెన్‌బరో తలపెట్టాడు. అవును, జంతువుల అటెన్‌బరోనే. వ్యాఖ్యాత, కళా చరిత్రకారుడు కెనెత్ క్లార్క్ సూటు వేసుకుని, ఒక చేయి జేబులో పెట్టుకుని, తన ఇంటి వరండాలో నడుస్తున్నంత ధీమాగా యూరప్ అంతా తిరుగుతాడు. మొదటి భాగంలోనే పారిస్‌లో నది ఒడ్డున నిలబడి, నాగరికత అంటే ఏమిటో నిర్వచించలేను కానీ చూస్తే గుర్తుపడతానని చెప్పి నోత్రదామ్ వైపు తిరుగుతాడు. ఆ పెద్దమనిషి తరహా నాకు ఇప్పటికీ కాస్త చిరాకే. ఆడవాళ్ల ప్రస్తావన నామమాత్రం. స్పెయిన్‌నే పక్కన పెట్టాడంటే ఇక మనం, చైనా ఎక్కడ! పేరు కింద ‘వ్యక్తిగత దృక్కోణం’ అని రాసుకున్నాడు కాబట్టి మోసం చేశాడని అనలేం.

అయినా ఎందుకు చూస్తాను? పద్దెనిమిదో శతాబ్దపు సంగీతం, భవనాల గురించిన భాగం ఒక్కటి చాలు. జర్మనీలో బల్తజార్ నోయ్‌మన్ కట్టిన ఫియర్‌జెన్‌హైలిగెన్ చర్చి లోపల కెమెరా మెల్లగా తిరుగుతుంది. స్తంభాల మీద నుంచి పైకప్పు దాకా గోడ ఎక్కడ ఆగిందో, బొమ్మ ఎక్కడ మొదలైందో తెలియకుండా వంపులు సాగుతుంటాయి. క్లార్క్ తప్పుకుంటాడు. సంగీతం, కట్టడం, మనం. సున్నపు పనికీ స్వరాలకూ పోలిక ఏమిటో అతను వివరించకపోవడమే మేలైంది.

క్లార్క్‌ను చూశాక, అతని తర్వాత మూడేళ్లకే వచ్చిన ‘వేస్ ఆఫ్ సీయింగ్’ చూడకపోతే కథ సగమే. 1972, నాలుగు భాగాలు, ఒక్కోటి అరగంట. కళా విమర్శకుడు జాన్ బెర్జర్ డిజైన్ల చొక్కా వేసుకుని వస్తాడు. బొటిచెల్లీ చిత్రంలోంచి వీనస్ ముఖాన్ని కత్తితో కోసేస్తాడు. నకలే లెండి, కానీ మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. కెమెరా పుట్టాక చిత్రం తన చోటు నుంచి ఊడిపోయిందనీ, ఇక దాన్ని ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు వాడుకుంటారనీ అతని వాదన. ఒకే చిత్రం మీద వేరు వేరు సంగీతాలు వినిపించి, మన చూపు ఎలా మారిపోతుందో మనకే చూపిస్తాడు. బడిపిల్లలకు కారవాజ్జో గీసిన క్రీస్తు విందు చిత్రం చూపించి వాళ్లను మాట్లాడనిస్తాడు. మధ్యలో కూర్చున్నది మగవాడా, ఆడమనిషా అని పిల్లలు వాదించుకుంటారు. చాలామంది కళా పండితులకు తట్టని ప్రశ్న అది. ఈ కార్యక్రమాన్ని కూడా అనుమానంగానే చూడమని మనల్ని హెచ్చరించి మరీ సెలవు తీసుకుంటాడు. ఆ తర్వాత నేపథ్య సంగీతం పెంచేసిన ఏ డాక్యుమెంటరీనీ నేను అమాయకంగా చూడలేకపోయాను. సమాధి తలుపు తెరుచుకుంటుంటే వయొలిన్లు వణికాయంటే లోపల ఏమీ లేదని అర్థం.

2018లో బీబీసీ పాత పేరుకు బహువచనం తగిలించి ‘సివిలైజేషన్స్’ తీసింది. తొమ్మిది భాగాలు, ముగ్గురు వ్యాఖ్యాతలు. ఉద్దేశం మంచిదే, క్లార్క్ వదిలేసిన ప్రపంచమంతా ఉంది. కానీ ఒక గంటలో నాలుగు ఖండాలు తిప్పితే ఊపిరి ఎక్కడ ఆడుతుంది? ప్రాచీన రోమ్ చరిత్రకారిణి మేరీ బియర్డ్ చేసిన రెండు భాగాలు మాత్రం ఏరుకుని చూడవచ్చు. కళను చేసినవాడి వైపు నుంచి కాక, దాని ముందు నిలబడ్డవాళ్ల వైపు నుంచి చెబుతుంది. ఈజిప్టులోని మెమ్నాన్ విగ్రహాల కాళ్ల మీద రోమన్ యాత్రికులు చెక్కుకున్న రాతలు చూపిస్తుంది. గోల్కొండ గోడల మీద ప్రేమికుల పేర్లు చూసి పళ్లు కొరుక్కునే నాకు, రెండు వేల ఏళ్లు గడిస్తే అవి కూడా శాసనాలవుతాయన్న ఆలోచన అస్సలు నచ్చలేదు.

ప్రాచీన చరిత్రలో నా ఓటు బ్రిటిష్ చరిత్రకారుడు మైకేల్ వుడ్‌కే. మన దేశం గురించి 2007లో ఆరు భాగాలు తీశాడు కాబట్టి ఇక్కడ చాలామందికి తెలిసిన ముఖమే. అందులో కేరళ నంబూద్రి పిల్లల వేదపాఠం దగ్గర ఆగిన తీరు బాగుంటుంది. కానీ అతని అసలు గొప్ప పని 1985 నాటి ‘ఇన్ సెర్చ్ ఆఫ్ ది ట్రోజన్ వార్’ అని నా అభిప్రాయం. గ్రీకు కవి హోమర్ పాడిన ట్రాయ్ యుద్ధం నిజంగా జరిగిందా అన్నది ఒకే ప్రశ్న. దానికి ఆరు గంటలు. టర్కీలోని హిసార్లిక్ దిబ్బ కింద తొమ్మిది పొరల ఊళ్లున్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ తవ్విన ష్లీమన్ తొందరపడి, తనకు కావలసిన పొరను దాటి కిందికి తవ్వేశాడు. ఆరో పొరే హోమర్ ట్రాయ్ అని అతని తర్వాత తవ్విన డోర్ప్‌ఫెల్డ్ అన్నాడు. 1930లలో తవ్విన బ్లెగెన్, కాదు ఏడో పొరలోని మొదటి దశ అన్నాడు. ఒక్కొక్కరి వాదన వింటున్నప్పుడు ఇదే నిజం అనిపించేలా వుడ్ చెబుతాడు, వచ్చేవారం దాన్ని తనే కదిలిస్తాడు. చివరికి, నేటి టర్కీలో ఒకప్పుడు పెద్ద రాజ్యమేలిన హిట్టైట్ల రాజధానిలో దొరికిన మట్టి పలకల దగ్గరికి తీసుకెళ్తాడు. వాటిలో విలుసా అనే పట్టణం ఉంది, అలక్సందు అనే రాజు పేరు ఉంది. హోమర్ ట్రాయ్‌ని ఇలియోస్ అన్నాడు, ట్రాయ్ రాజకుమారుడు పారిస్‌కు ఉన్న మరో పేరు అలెగ్జాండ్రోస్. అక్కడ నాకు కలిగిన ఉత్కంఠ ఏ నేరపరిశోధన సీరియల్‌లోనూ కలగలేదు.

దానిలో హోమర్ కావ్యం రాతకు ముందు నోటి మీద ఎలా నిలిచిందో చెప్పే భాగం ఒకటి ఉంది. కథలు పాడి, చెప్పి బతికినవాళ్లను వెతుక్కుంటూ పోతాడు. ఆ భాగాన్ని మా నాన్నగారితో కలిసి చూశాను. ఆయనది పల్నాడు. ఆయనకు ఇంగ్లీషు ఉచ్చారణ సగమే అందింది. అయినా మధ్యలో “ఇందులో వింతేముందమ్మా, మా కారంపూడిలో వీరవిద్యావంతులు చేసేదీ ఇదే కదా” అన్నారు. నిజమే. పల్నాటి వీరుల కథ పాడేవాళ్లే వీరవిద్యావంతులు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం, శ్రీనాథుడు కావ్యం కట్టినా కట్టకపోయినా ఊళ్లో ఏటా వీరుల ఉత్సవాల్లో పాడుతూనే ఉన్న కథ, పాట పక్కనే చూపించడానికి యుద్ధభూమి. హోమర్ పరిశోధకులు ఏ దేశమో వెళ్లి వెతుక్కున్నది మనకు నరసరావుపేట దాటితే దొరుకుతుంది.

ఈ సిరీస్ పాతబడిందా? సమాచారం వరకు పాతబడింది. మాన్‌ఫ్రెడ్ కోర్ఫ్‌మన్ 1988లో మొదలుపెట్టిన తవ్వకాల్లో, కోట చుట్టూ దిగువ పట్టణం ఒకటి ఉందని తేలింది. ష్లీమన్ ట్రాయ్ రాజు పేరిట ‘ప్రియాముడి నిధి’ అని పేరు పెట్టిన బంగారం 1945లో బెర్లిన్ నుంచి మాయమైంది. వుడ్ సినిమా తీసేనాటికి అది ఏమైందో లోకానికి తెలియదు. 1990లలో మాస్కో పుష్కిన్ మ్యూజియంలో తేలింది. నాకు మాత్రం ఇది లోపంగా తోచలేదు. తెలిసినంతవరకే చెప్పి, సందేహాన్ని సందేహంగానే ఉంచాడు కాబట్టి కొత్త ఆధారాలు వచ్చినా అతని మాట అబద్ధం కాలేదు.

సంగీతం సంగతి వేరు, అక్కడ మాట ఆపడం మరీ కష్టం. పాట మొదలవుతుంది, పల్లవి పూర్తికాకుండానే ఎవరో పండితుడు వచ్చి ‘ఆయన గాత్రంలో ఒక మార్మికత ఉండేది’ అంటాడు. ఆ మార్మికత ఏదో వినిపించవయ్యా అని తెర వైపు చూసి అరిచిన సందర్భాలున్నాయి. మన సంగీత విద్వాంసుల మీద తీసిన వాటిలో ఈ జబ్బు ఎక్కువ. సన్మాన పత్రం చదివినట్టు ఉంటాయి.

దీనికి మందు నాకు అమెరికన్ ఆర్కెస్ట్రా నిర్వాహకుడు లియోనార్డ్ బెర్న్‌స్టీన్ దగ్గర దొరికింది. 1958 నుంచి 1972 దాకా న్యూయార్క్ ఫిల్హార్మనిక్‌తో పిల్లల కోసం చేసిన టీవీ కచేరీలు అవి. అచ్చంగా డాక్యుమెంటరీ అనలేం కానీ, సంగీతం గురించి ఇంతకంటే బాగా చెప్పిన టీవీ కార్యక్రమాన్ని నేను చూడలేదు. మొట్టమొదటి కచేరీలో ఆర్కెస్ట్రా చేత ఒక భాగం వాయిస్తూ సూపర్‌మ్యాన్ తన స్నేహితుణ్ణి జైలు నుంచి తప్పించే కథ చెబుతాడు. ఇదిగో ఖైదీల గురక అంటాడు. నిజంగానే బాకాలు గురక పెడతాయి. పిల్లలు పూర్తిగా నమ్మేశాక, ఇది రిచర్డ్ స్ట్రాస్ ‘డాన్ కిహోటే’ అనీ, ఆ గురకలు అసలు కథలో గొర్రెల అరుపులనీ బయటపెడతాడు. రెండు కథలూ అదే సంగీతానికి చక్కగా అతుకుతాయి. కథ మారినా స్వరం మారలేదు, కాబట్టి అర్థం కథలో లేదు. సంగీతానికి అర్థమేమిటన్న పెద్ద ప్రశ్నను ఎనిమిదేళ్ల పిల్లలకు ఇంత తేలిగ్గా అందించాడు. మా ఇంట్లో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు దీన్ని చూశాక కీర్తనల భావం గురించి వేసిన ప్రశ్నలకు వాళ్ల గురువుగారు కొన్నాళ్లు ఇబ్బంది పడ్డారు.

బ్రిటిష్ సంగీతకర్త హోవర్డ్ గూడాల్ 2000లో తీసిన ‘బిగ్ బ్యాంగ్స్’ ఐదు భాగాల్లో, పియానో శ్రుతిని సమాన భాగాలుగా ఎలా సర్దారో చెప్పేది నాకు బాగా ఉపయోగపడింది. శుద్ధమైన పంచమాలను (స నుంచి ప దాకా ఉన్న దూరాన్ని) ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పన్నెండు మెట్లు ఎక్కితే బయల్దేరిన స్వరానికే రావాలి. రాదు, కాస్త మించిపోతుంది. ఆ మిగులును అన్ని స్వరాలకూ తలా కొంచెం పంచి, కొద్దికొద్దిగా అపశ్రుతి చేసి సర్దుకున్నారు. 1940లో ఆకాశవాణి హార్మోనియంను నిషేధించి, 1971 దాకా రానివ్వకపోవడానికి వెనుక ఉన్న వాదనల్లో ఇదొకటి. ఆ రీడ్ల మీద మన గమకం పలకదు, శ్రుతీ సరిపోదు. ఇంతకాలం ఆ నిషేధాన్ని వట్టి ఛాందసం అనుకునే స్నేహితులకు ఈ భాగం చూపిస్తుంటాను. వాళ్ల అభిప్రాయం మారదు, కానీ వాదన కాస్త శాస్త్రీయంగా జరుగుతుంది.

మన దేశంలో తీసినవాటిలో రెండు. టీవీ కోసం తీసినవి కావు, నేను చూసింది మాత్రం చిన్న తెర మీదే. సత్యజిత్ రాయ్ 1976లో భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి మీద తీసిన ‘బాల’ అరగంట చిత్రం. పేరుమోసిన వీణ విద్వాంసురాలు వీణ ధనమ్మాళ్ మనవరాలు ఆమె. క్షేత్రయ్య తెలుగు పదాలను తరాలుగా కాపాడిన తమిళ కుటుంబం వాళ్లది. అందుకే మనవాళ్లు ప్రత్యేకంగా చూడాలి. సముద్రపు ఒడ్డున ‘కృష్ణా నీ బేగనే బారో’కు ఆమె అభినయం చేస్తుంటే గాలికి చీర కొంగు ఎగురుతుంటుంది. గొప్ప దృశ్యమని కొందరు అంటారు. నాకైతే ఆ గాలి మీద కోపం వచ్చింది. ఆమె కళ్లను చూడనివ్వదు. ఆ తర్వాత లోపల, ఏ హంగూ లేకుండా పట్టిన పదవర్ణంలో (నాట్యానికి కట్టిన పెద్ద రచన అది) రాయ్ మళ్లీ రాయ్ అవుతాడు.

హిందుస్థానీ సంగీతంలోని పాత గానశైలి మీద మణి కౌల్ 1982లో తీసిన ‘ధ్రుపద్’ ఇంకో కొస. డాగర్ సోదరులు, ఒకరు రుద్రవీణ, ఒకరు గాత్రం. వివరణ అతి తక్కువ. ఆలాపన ఎంత నెమ్మదిగా నడుస్తుందో కెమెరా కూడా అంతే నెమ్మది. నా పరీక్షలో నూటికి నూరు, కానీ మొదటిసారి చూసేవాళ్లకు ఇది ఇవ్వను. ఇంటికి వచ్చినవాళ్లకు పెట్టి, వాళ్లు ఫోన్లు తీయడం చూశాను.

కొరత కూడా చెప్పాలి. అమరావతి స్తూపం గురించి నాకు తృప్తి కలిగించిన గంట కార్యక్రమం ఇంకా దొరకలేదు. కథ సిద్ధంగా ఉంది. కొత్త కట్టడాలకు రాళ్ల కోసం దిబ్బను తవ్వుతుంటే శిల్పాలు బయటపడటం, 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ రావడం, 1816లో తిరిగి వచ్చి బొమ్మలు గీయించడం, పాలరాయిలాంటి సున్నపురాతి పలకలు కొన్ని సున్నం బట్టీల పాలవడం, 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసులో పడి ఉండి 1859లో లండన్ చేరడం. పలక పోయి, మెకంజీ మనుషులు గీసిన బొమ్మ మాత్రమే మిగిలిన చోట్లు ఎన్నో. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఒక పలక, చెన్నైలో దాని పక్క పలక, మధ్యలో ఖాళీ దిబ్బ. వుడ్‌కు ఇచ్చినట్టు ఆరు గంటలు ఇవ్వనక్కరలేదు, ఒక్క గంట, ఒక్కో పలక ముందు ఒక నిమిషం మౌనం ఇస్తే చాలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా: పిల్లలుంటే బెర్న్‌స్టీన్, లేకపోతే బెర్జర్ మొదటి భాగం. నచ్చితే ట్రాయ్, అదీ వారానికి ఒకటి చొప్పున. వరసగా చూస్తే ఆ వాదోపవాదాల రుచి పోతుంది. క్లార్క్‌ను ఓపిక ఉన్నప్పుడు చూడండి. ‘ధ్రుపద్’ మాత్రం ఫోనులో వద్దు. ఆ చిన్న స్పీకరులో రుద్రవీణ మంద్రస్థాయి అసలు వినబడదు.