జేఎల్‌ఏ/అవెంజర్స్ మొదటి సంచికను హనుమకొండలో ఆరుగురం చదివితే

డల్లాస్‌లో ఉంటున్న మా పెద్దమ్మ కొడుకు ఈసారి సెలవులకు వచ్చినప్పుడు, చాక్లెట్ల డబ్బాలతో పాటు నాలుగు పుస్తకాల పాత కామిక్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అది 2003–04లో వెలువడిన జేఎల్‌ఏ/అవెంజర్స్. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ ఉండే డీసీ అనే అమెరికా కామిక్ సంస్థ వారి జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా (జేఎల్‌ఏ) జట్టు‌ను, కెప్టెన్ అమెరికా, థోర్ ఉండే దాని పోటీ సంస్థ మార్వెల్ వారి అవెంజర్స్ జట్టు‌ను ఒకే కథలో ఎదురెదురుగా నిలబెట్టిన క్రాసోవర్ ఇది. రచన కర్ట్ బ్యూసిక్‌ది, బొమ్మలు జార్జ్ పెరెజ్‌వి. నాలుగూ ఒకేసారి ఇస్తే మొదటిదాని గురించి మాట్లాడేవారుండరని, మిగతా మూడింటినీ బీరువాలో పెట్టి తాళం వేసి, 48 పేజీల మొదటి సంచికను మాత్రమే చేతులు మార్చాను. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు, ఇంటర్ చదివే మా చిన్నమ్మాయి, ఇంతవరకు కామిక్ ముట్టని మా వదిన, సందు చివర ఫ్లెక్సీల షాపు నడిపే మిత్రుడు, రోజూ సాయంత్రం రాజరాజ నరేంద్ర భాషానిలయం గ్రంథాలయానికి వెళ్లే ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్ గారు, నేను, మొత్తం ఆరుగురం చదివాము. ఆదివారం మా ఇంట్లో కూర్చుంటే ఏ ఇద్దరి మాటా కలవలేదు.

కథ క్లుప్తంగా ఇది. సృష్టి ఎట్లా మొదలైందో తెలుసుకోవాలన్న పంతంతో క్రోనా అనే శాస్త్రజ్ఞుడు ఒక్కో విశ్వాన్నే నాశనం చేసుకుంటూ మార్వెల్ లోకానికి చేరుకుంటాడు. ఆటల పిచ్చి ఉన్న గ్రాండ్‌మాస్టర్ అక్కడ అతనితో పందెం కడతాడు. రెండు లోకాల్లోనూ ఆరేసి చొప్పున ఉన్న 12 మహిమగల వస్తువుల కోసం రెండు జట్లూ పోటీ పడాలి. క్రోనా గెలిస్తే సృష్టిని కళ్లారా చూసినవాడు ఎవరో గ్రాండ్‌మాస్టర్ చెప్పాలి. పందెం కాసేది వాళ్లు, పరుగులు తీసేది వీళ్లు.

మా మేనల్లుడికి ఈ సంచిక నచ్చలేదు. అవెంజర్స్ సినిమాలన్నీ మొదటి రోజే చూసిన పిల్లవాడు కాబట్టి పేజీ తిప్పగానే థోర్, సూపర్‌మ్యాన్ తలపడతారని ఎదురుచూశాడు. ఆ కొట్లాట అసలు మొదలయ్యే చోటుకు వచ్చేసరికి సంచిక అయిపోవడంతో, "మామా, గిది ట్రైలరే, సినిమా ఏది?" అని పుస్తకం పక్కన పడేశాడు. సినిమాల్లో లేని ముఖాలు అవెంజర్స్‌లో కనిపించడం కూడా అతనికి అడ్డుపడింది. అతని మాటలో కొంత నిజముంది. విశ్వాలు కూలిపోయే తొలి పేజీలు బరువుగా ఉన్నాయి, డీసీ కథలతో ముందు పరిచయం లేనివారికి ఆ పేర్లు నోరు తిరగవు, మాటల బుడగల్లో అక్షరాలు నావంటి జోడు కళ్లద్దాల వారికి పరీక్షే.

లెక్చరర్ గారు మాత్రం దీన్ని మన కథలతో తూచారు. గయుడికి అభయమిచ్చినందుకు అర్జునుడు సాక్షాత్తూ కృష్ణుడి మీదికే విల్లెత్తవలసి వచ్చిన కథను పల్లెల్లో రాత్రంతా కూర్చుని చూసినవాళ్లం మనం. ఇద్దరూ మనవాళ్లే, ఇద్దరిలో ఎవరూ ఓడిపోకూడదు, అయినా యుద్ధం జరగాలి, మధ్యలో నారదుడు నవ్వుకోవాలి. గ్రాండ్‌మాస్టర్‌ను ఆయన "అమెరికా నారదుడు" అన్నారు, ఆ పేరు మా అందరి నోళ్లలోనూ నిలిచిపోయింది. అయితే ఆయన ఫిర్యాదు ఒకటుంది. కృష్ణార్జునులను ఎవరికీ పరిచయం చేయనక్కరలేదు, ఇక్కడ మాత్రం ప్రతి వీరుడినీ పట్టుకొచ్చి వరుసలో నిలబెట్టడంతోనే సంచిక సగం గడిచిందని ఆయన అభిప్రాయం. ఈ ఒక్క విషయంలో నేను ఆయనతో ఏకీభవించలేదు. యక్షగానంలో పాత్ర రంగం మీదికి రాగానే ప్రవేశ దరువు ఉంటుంది, తానెవరో తానే చెప్పుకుంటుంది, తెలిసిన పాత్రే అయినా జనం ఆ దరువు కోసమే కాచుకుని ఉంటారు. ఈ సంచికను నలభై ఎనిమిది పేజీల ప్రవేశ దరువుగా చూస్తే దాని నడక అర్థమవుతుంది. దరువు కొంచెం సాగిందన్న మాటను మాత్రం ఒప్పుకున్నాను.

మా అమ్మాయికి ఒక్క ఘట్టమే పట్టింది. డీసీ లోకంలో మెరుపులా పరిగెత్తే ఫ్లాష్‌కు మార్వెల్ లోకంలో అడుగు పెట్టగానే ఆ వేగం పోతుంది, ఎందుకంటే అతనికి శక్తినిచ్చే స్పీడ్ ఫోర్స్ ఆ లోకంలో లేనే లేదు. "చార్జర్ మర్చిపోయి ఊరికి పోయినట్టు" అని నవ్వి మళ్లీ తన ఫోన్‌లో పడింది.

నేను ఏమాత్రం ఊహించని మాట మా వదిన నుంచి వచ్చింది. ఆమెకు వీరుల పేర్లు గుర్తులేవు, బట్టల రంగులతోనే చెప్పింది. ఒక లోకంలో జనం వీరులకు మ్యూజియాలు కట్టి మొక్కుతున్నారు, ఇంకో లోకంలో అదే జనం వీరులను అనుమానించి వెంటపడుతున్నారు; మరి రెండు లోకాల్లోనూ వీళ్లు చేసేది ఒకే పని కదా అన్నది ఆమె ప్రశ్న. సంచికకు ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం. జస్టిస్ లీగ్ మార్వెల్ భూమిని చుట్టి చూసి, ఇంత శక్తి ఉండి ఈ భూమిని ఇట్లా ఎందుకు ఉంచారని అవెంజర్స్‌ను తప్పుపడుతుంది. అవెంజర్స్ అవతలి లోకంలో ఆ భజన చూసి, జనం చేత మొక్కించుకునే వీరులు ఎటువంటివారోనని శంకిస్తారు. ఇద్దరి ఆరోపణలోనూ పస ఉంది. క్రాసోవర్లలో సాధారణంగా ఒక చిన్న అపార్థంతో వీరులు కొట్టుకుని, రెండు పేజీల తర్వాత చేతులు కలుపుకుంటారు. ఇక్కడ వాళ్లు పోట్లాడటానికి నిజమైన కారణం ఉంది, జనానికి వీరుడు ఎంత దూరంలో ఉండాలన్నది ఆ కారణం. సినిమాలు, పాత కామిక్‌లు తెలిసిన మేము వీరులను లెక్కపెడుతూ కూర్చుంటే, ఏమీ తెలియని ఆమె జనాన్ని చూసింది.

బొమ్మల విషయంలో ఫ్లెక్సీ మిత్రుడి తీర్పే చెల్లుతుంది. అతను ముందు కాగితాన్ని వేళ్ల మధ్య నలిపి, ఇరవై ఏళ్లు దాటినా రంగు చెదరలేదని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఒక్కో పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. పెరెజ్ గుంపును గీస్తే వెనుక వరుసలో వాడికీ ఒక ముఖం, ఒక నిలుపు ఉంటాయి. చేర్యాల నకాశీ పటంలో ఎర్రని నేల మీద గళ్లు గళ్లుగా కథ నడుస్తూ, ఏ మూల చూసినా ఖాళీ కనబడనట్టే ఇక్కడా ఖాళీ లేదు. "ఫ్లెక్సీల ఒక్కని ఫొటో చిన్నగైతే రాత్రికి షాపు మీదికొస్తరు, గీయన గింతమందిని ఎట్ల సర్దిండో" అన్నాడు. ఆ సర్దుబాటు పేరులోనూ ఉందని చెబితే అతనికి ఆశ్చర్యం వేసింది. మొదటి, మూడవ సంచికల మీద జేఎల్‌ఏ పేరు ముందుంటుంది, రెండవ, నాలుగవ సంచికల మీద అవెంజర్స్ ముందుకు వస్తుంది. మల్టీస్టారర్ సినిమాకు టైటిల్ కార్డులు వేసే మనవాళ్లు చూసి నేర్చుకోవలసిన ఉపాయమే.

ఈ సర్దుబాటు కుదరడానికి రెండు సంస్థలకూ ఇరవై ఏళ్లు పట్టింది. సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ 1976లోనే కలిసి కనిపించినా, ఈ రెండు జట్ల పుస్తకం 1980ల మొదట్లో తలపెట్టినప్పుడు, పెరెజ్ అప్పటికే కొన్ని పేజీలు గీసిన తర్వాత, సంపాదకుల మధ్య పొత్తు కుదరక ఆగిపోయింది. అదే చిత్రకారుడికి అదే పని 2003లో మళ్లీ దక్కింది. ఆయన 2022 మే నెలలో కన్నుమూశారు. ఆ ఏడాదే కామిక్ కళాకారులకు సాయం చేసే హీరో ఇనీషియేటివ్ సంస్థ కోసం ఈ పుస్తకాన్ని 7,000 ప్రతులు మాత్రమే తిరిగి అచ్చువేశారు. కాబట్టి వరంగల్‌లో కొందామంటే దొరికేది కాదు, అమెరికా నుంచి వచ్చే చుట్టాల మీద ఆధారపడాలి. మా పాత ప్రతిలో ఒక్కో సంచిక అట్ట మీద వేసిన ధర 5.95 డాలర్లు, దాన్ని తెచ్చిన మా తమ్ముడు ఎంతకు కొన్నాడో అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

సాయంత్రం టీ తాగి అందరూ లేచాక, ట్రైలర్ అని పెదవి విరిచిన మేనల్లుడు బీరువా తాళం ఎక్కడ పెట్టావని నన్ను చాటుగా అడిగాడు. అప్పటికే తాళం వదిన చేతిలో ఉంది.