భోగాపురం రన్‌వే చుట్టూ ఒక రోజు

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి ప్రయాణికుల రాకపోకలు మొదలు కాకముందే ఆ పరిసరాలను ఒకసారి చూసి రావాలని, ఈ ఏడాది ఆరంభంలో విజయనగరం నుంచి ఒంటరిగా బయలుదేరాను. సొంత వాహనం లేనివారికి ఈ ప్రయాణం ఎంతవరకు వీలవుతుందో తెలుసుకోవాలన్నది కూడా నా కోరిక.

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి నాతవలస వరకు ఏ ఇబ్బందీ లేదు. అక్కడ జాతీయ రహదారి మీద విశాఖ వైపు వెళ్లే బస్సు ఎక్కితే భోగాపురం చేరడానికి ఎంతోసేపు పట్టదు. చిక్కంతా రహదారి దిగిన తరువాతే మొదలవుతుంది. సముద్రం వైపున్న ఊళ్లకు షేర్ ఆటోలే దిక్కు, అవి నిండితే తప్ప కదలవు. ఒంటరిగా వెళ్లేవారు ఆటో మొత్తాన్ని మాట్లాడుకోవడమే మేలు. అయితే రానూపోనూ ఎంతో, మధ్యలో ఆగితే ఎంతో ముందే తేల్చుకోవాలి.

2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరొకసారి శంకుస్థాపన జరిగిన ఈ విమానాశ్రయంలో 3,800 మీటర్ల రన్‌వే ఉంది. 2026 జనవరి 4న ఢిల్లీ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా విమానం పరీక్షార్థం దాని మీద దిగింది. నేను వెళ్లినప్పుడు లోపలికి అనుమతి లేదు. ప్రహరీ బయటి నుంచి కనిపించేది కొద్దిపాటే గనుక, కేవలం విమానాశ్రయం కోసమే వెళ్లేవారికి నిరాశ తప్పదు. నీడ గానీ, తాగునీరు గానీ దొరకని దారి అది. మంచినీళ్లు వెంట ఉండాలి.

నన్ను ఎక్కువసేపు నిలిపినవి గూడెపువలస, లింగాలవలసల్లోని పునరావాస కాలనీలు. మరడపాలెం సహా రన్‌వే కోసం ఖాళీ చేసిన ఊళ్ల కుటుంబాలు ఇప్పుడు అక్కడ ఉంటున్నాయి. వరుసలు తీరిన పక్కా ఇళ్లు, వెడల్పు రోడ్లు చూస్తే సౌకర్యం పెరిగిందనే అనిపిస్తుంది. కానీ టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దలు ఇళ్ల గురించి కాక, పోయిన కొబ్బరి, జీడిమామిడి తోటల గురించే మాట్లాడారు. విమానాశ్రయం చూడబోయేవారెవరైనా ముందు ఈ కాలనీల్లో ఒక గంట గడపాలని నా అభిప్రాయం. ఆ నేల మీద ఇదివరకు ఏముండేదో తెలిశాక ప్రహరీని చూసే తీరు మారుతుంది.

మధ్యాహ్న భోజనం రహదారి పక్కనే చేయడం మంచిది. తీరం వైపు వెళ్లాక భోజనం దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోరాదు. నేను తిన్న చోట అన్నం వేడిగా ఉంది, పప్పు, చేపల పులుసు రుచిగా ఉన్నాయి, చేతులు కడుక్కునే చోటు మాత్రం శుభ్రంగా లేదు.

సమయం మిగిలితే పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి తీరానికి తప్పక వెళ్లాలి. సముద్రంలోని రాళ్ల గురించి ఓడలను హెచ్చరించేందుకు 1847లోనే ఈ ప్రాంతంలో దీపస్తంభం కట్టారు. వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారులు, వరుసగా లాగిపెట్టిన పడవలు తప్ప సందడి లేని తీరం అది; రోజంతటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు అదే. అయితే చీకటి పడితే తిరుగు ఆటోలు దొరకడం కష్టం. రాత్రి బస అవసరమైతే తీరంలో వెతకకుండా, విజయనగరం స్టేషను దగ్గరి లాడ్జీలకు చేరుకోవడమే ఒంటరి ప్రయాణికులకు క్షేమం.