డీమాజ్, యాహూ డైరెక్టరీ: సైటు యజమానికి ఏది మేలు చేసింది?

ఒకప్పుడు కొత్త సైటు నలుగురి కంట పడాలంటే డైరెక్టరీలో, అంటే సైట్లని విభాగాల వారీగా పేర్చిన జాబితాలో, చోటు దొరకాలి. వాటిలో పెద్దవి రెండు. 1994లో మొదలైన యాహూ డైరెక్టరీని జీతం తీసుకునే ఎడిటర్లు చూసేవారు. 1998లో పుట్టి, అదే ఏడాది బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ చేతికి వెళ్లిన డీమాజ్‌ని వాలంటీర్లు నడిపారు.

యాహూలో వ్యాపార సైటుకి ఏడాదికి 299 డాలర్లు. కట్టినా చోటు గ్యారంటీ లేదు, ఆ డబ్బు పరిశీలనకే. చిన్న దుకాణదారుకి అది పెద్ద బరువు. కాకపోతే జవాబు త్వరగా వచ్చేది.

డీమాజ్‌లో పైసా ఖర్చు లేదు. సరైన విభాగం వెతికి, అడ్రసు, పేరు, రెండు ముక్కల వివరణ రాసి పంపితే చాలు. అసలు టెన్షన్ ఆ తర్వాతే. ఆ విభాగాన్ని చూసే ఎడిటర్ లేకపోతే సైటు ఏళ్ల తరబడి క్యూలోనే ఉండిపోయేది. తిరస్కరించినా కారణం చెప్పేవారు కాదు. ఎడిటర్‌ది కూడా అదే వ్యాపారమైతే? పక్షపాతం కూడదని నియమాలున్నా, బయటివాళ్లకి పట్టుకునే దారి లేదు. ఉచితమే అయినా, జవాబు చెప్పని పద్ధతిని న్యాయమని నేను ఒప్పుకోను.

చోటు దొరికితే మాత్రం లాభం డీమాజ్‌లోనే ఎక్కువ. దాని డేటాని ఎవరైనా వాడుకోవచ్చు కాబట్టి, గూగుల్ డైరెక్టరీతో సహా ఎన్నో చోట్ల ఆ లింకు కనిపించేది.

యాహూది 2014 చివర్లో, డీమాజ్ 2017 మార్చిలో మూతపడ్డాయి. డీమాజ్ పాత ఎడిటర్లు ఆ పనిని కర్లీ పేరుతో కొనసాగిస్తున్నారు. అక్కడా సైటు పంపడం ఉచితమే. పంపండి, కానీ దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి.