వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద టర్మ్ పాలసీ: కొత్త దంపతుల కోసం ఒక సమీక్ష

పెళ్లయిన కొత్తలో ఏ బీమా తీసుకోవాలని ఎవరు అడిగినా నేను ముందుగా సూచించేది వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద రాయించుకునే టర్మ్ పాలసీనే. టర్మ్ పాలసీ అంటే నిర్ణీత కాలంలోపు చనిపోతేనే కుటుంబానికి డబ్బు ఇచ్చే బీమా; ఆ డబ్బు భార్యాపిల్లలకే దక్కేలా కాపాడేది ఈ చట్టం. గత శ్రావణంలో పెళ్లయిన మా తమ్ముడు హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగి, మరదలు పాఠశాలలో ఉపాధ్యాయిని. ఫ్లాటు కోసం గృహరుణం తీసుకునే ఆలోచనలో ఉన్నారు. వారిద్దరితో కూర్చుని ఈ పాలసీ తీసుకునే పని మొదటి నుంచి చివరి దాకా చూశాను కాబట్టి, అందులోని మంచిని, లోపాలను ఇక్కడ వివరిస్తున్నాను.

తమ్ముడి వయసు 29. అరవయ్యో ఏడు వచ్చే దాకా కోటి రూపాయల కవర్‌కు (చనిపోతే కుటుంబానికి అందే మొత్తానికి) ఏడాది ప్రీమియం పదమూడు వేల లోపే తేలింది. వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసివేయడం కలిసివచ్చింది. అదే సమయంలో వరసకు బాబాయి అయ్యే ఏజెంటు ఒకరు చూపించిన, బీమా పొదుపు కలిసి ఉండే ఎండోమెంటు పాలసీలో ఏడాదికి నలభై వేల పైచిలుకు కడితే వచ్చే కవర్ పది లక్షలు. చివరన డబ్బు తిరిగి వస్తుందన్న మాట ఇంట్లో పెద్దలకు బాగా నచ్చింది. కానీ రేపు గృహరుణం నెత్తిన ఉండగా జరగరానిది జరిగితే, ఆ పది లక్షలు బ్యాంకు బాకీలో ఒక మూలకైనా రావు. పొదుపు కోసం పీపీఎఫ్, మ్యూచువల్ ఫండ్లు వేరే ఉన్నాయి. బీమాను బీమాగానే కొనుక్కోవాలని నా దృఢమైన అభిప్రాయం. కట్టిన ప్రీమియం తిరిగి ఇచ్చే రకం టర్మ్ పాలసీ కూడా ఉంది గాని, దాని ప్రీమియం బాగా ఎక్కువ కాబట్టి దాన్నీ వద్దనుకున్నాం.

ఈ పాలసీకి అసలు విలువ తెచ్చేది 1874 నాటి ఈ చట్టంలోని ఆరో సెక్షన్. వివాహితుడైన పురుషుడు తన జీవితంపై తీసుకున్న పాలసీని భార్య కోసం గాని, భార్యాపిల్లల కోసం గాని అని ఆ పాలసీ మీదే రాయిస్తే, అది ట్రస్టు అవుతుంది, అంటే వారి కోసమే వేరుగా ఉంచిన సొమ్ము అవుతుంది. ఆ సొమ్ముపై భర్తకు గాని, అతని అప్పులవాళ్లకు గాని అధికారం ఉండదు, అది అతని ఆస్తిలో భాగంగా లెక్కకూ రాదు. మామూలు పాలసీలో నామినీగా పెట్టినా భార్యకే డబ్బు వస్తుంది కదా అని మరదలు అడిగింది. 2015లో బీమా చట్టానికి చేసిన సవరణ తర్వాత భార్య నామినీ అయితే సొమ్ముకు ఆమే హక్కుదారు, నిజమే. అయితే భర్త బతికున్నంత కాలం ఆ నామినేషన్ మార్చే అధికారం, పాలసీని వేరొకరికి బదలాయించే అధికారం అతని చేతిలోనే ఉంటాయి. ఈ చట్టం కింద రాసిన పాలసీలో ఆ రెండూ ఉండవు. వ్యాపారం చేసేవారికి, ఇతరుల అప్పులకు హామీ సంతకాలు పెట్టేవారికి ఇది మరీ అవసరం. అయితే అప్పులవాళ్లను మోసగించే ఉద్దేశంతోనే పాలసీ తీసుకున్నట్టు తేలితే ఈ రక్షణ వర్తించదు.

మేము ఎంచుకున్న కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే సేవలో నాకు అసంతృప్తి మిగిలింది. ఆన్‌లైన్ దరఖాస్తులో ఈ చట్టం గురించిన ప్రశ్న చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, ‘కాదు’ అని ముందే టిక్కు పెట్టి ఉంది. ఫోన్లో మాట్లాడిన ఉద్యోగి, ముందు పాలసీ తీసుకోండి, తర్వాత మార్చుకోవచ్చన్నారు. అది పూర్తిగా తప్పు. దరఖాస్తు సమయంలోనే ఎంచుకోవాలి, పాలసీ వచ్చాక చేర్చడం కుదరదు. చివరికి శాఖా కార్యాలయానికి వెళ్తే అక్కడి అధికారి అనుబంధ పత్రం తీసి, లబ్ధిదారు పేరు, వాటా, ట్రస్టీ (లబ్ధిదారు తరఫున సొమ్ము చూసుకునే వ్యక్తి) పేరు, సంతకాలు ఓపికగా పూర్తి చేయించారు. ఇంటికే వచ్చి రక్తం, మూత్రం నమూనాలు తీసుకువెళ్లిన విధానం మాత్రం మెచ్చుకోదగినది.

తమ్ముడు థైరాయిడ్ మాత్ర వాడతాడు. రాయకపోతే ఏమీ కాదని బాబాయి సలహా ఇచ్చినా, మాత్ర పేరు, మోతాదుతో సహా రాయించాం. కంపెనీ రిపోర్టులు అడిగి చూసి అదే ప్రీమియానికి ఒప్పుకుంది. పాలసీ మొదలై మూడేళ్లు నిండితే బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం కంపెనీ దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు. కానీ ఆ మూడేళ్లలోపు దాచిన విషయం బయటపడితే నష్టపోయేది భార్యే.

ఒక పరిమితి గట్టిగా చెప్పాలి. లబ్ధిదారును తర్వాత మార్చడం సాధ్యం కాదు, విడాకులైనా సరే. అందుకే మొత్తం కవర్‌ను ఒకే పాలసీలో పెట్టకుండా, తల్లిదండ్రుల కోసం మరో చిన్న పాలసీ విడిగా తీసుకోవడం మేలు. మరదలికి కూడా సంపాదన ఉంది కాబట్టి ఆమె పేరున మామూలు టర్మ్ పాలసీ తీసుకున్నాం. మహిళలకు ప్రీమియం కాస్త తక్కువ. ఆరోగ్య బీమా విషయంలో ఒక్కటే చెబుతాను: ప్రసూతి ఖర్చుకు నిరీక్షణ కాలం ఉంటుంది, అంటే చేరాక కొంతకాలం దాకా ఆ ఖర్చు ఇవ్వరు, కాబట్టి పిల్లల ఆలోచన వచ్చాక కాకుండా ఇప్పుడే చేరాలి.

పాలసీ పత్రం అందిన తర్వాత, భార్య పేరు లబ్ధిదారుగా, చట్టం పేరుతో సహా అచ్చయిందో లేదో చూసుకోవడానికి, నచ్చకపోతే తిప్పి పంపడానికి 30 రోజుల గడువు ఉంటుంది. మాకు వచ్చిన పత్రంలో ట్రస్టీ పేరులో అక్షర దోషం ఉంటే ఆ గడువులోనే సరిచేయించాం. అదే వారంలో తమ్ముడి ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) నామినేషన్ కూడా కొత్తగా నింపించాను, ఎందుకంటే పెళ్లికి ముందు ఇచ్చినది పెళ్లితో చెల్లకుండా పోతుంది; ఆ ఖాతాకు జతగా ఉండే ఈడీఎల్ఐ (ఉద్యోగి చనిపోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే) బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల రూపాయల దాకా వచ్చే వీలుంది.